వివృతశాస్త్రపత్రికల పోషణము

నేఁటి శాస్త్రపత్రికలు రెండు తెఱఁగులుగా నున్నవి. చందా చెల్లించినవారికిఁ గాని, చందా చెల్లించిన విద్యాలయములకుఁ జేరినవారికిఁ గాని తెఱవఁబడనివి కొన్ని. ప్రపంచమునం దెక్కడ నున్నవాఁడైనను అంతర్జాలమున వెదకి, కాసైనఁ జెల్లింపక చదువుకొనుటకును, దాఁచుకొనుటకును, ఇతరులకుఁ బంచిపెట్టుటకును వీలైనవి కొన్ని. ఈ రెండవ తెఱఁగు పత్రికలకు ఇంగ్లీషున ఓపెన్ యాక్సెస్ పత్రికలని పేరు. ఈ వ్యాసమున వానిని వివృతపత్రికలని వ్యవహరించెదను. 2002 ఫిబ్రవరి 14వ తేదీన వెలువడిన బుడాపెస్టు ప్రకటనతో నీ పేరు లోకమున స్థిరపడినది. నాఁటినుండి వివృతపత్రికల యావశ్యకతను గూర్చి పండితులు వ్రాసినది కొల్లలుగాఁ గలదు. ఆ వాదమును నే నిచట మరల నెత్తుకొనను. చదువువానికి వెల లేనంతమాత్రమునఁ బత్రికకు వ్యయము లేకపోదు. ఆ వ్యయము నెవరు భరింపవలయును? మొదటి సంవత్సరము భరించినవారు పదవ సంవత్సరమును భరింతురా? ఈ రెండవ ప్రశ్నమును విచారింపక పత్రికను స్థాపించువారు పలువు రుండుటచేత దానినే ప్రధానముగాఁ గైకొనుచున్నాను.

చందాపత్రికలు తమ కాళ్లపైఁ దాము నిలిచినవనియు, వివృతపత్రికలు మాత్రమే పరుల దానముపై నాధారపడిన వనియు నొక యభిప్రాయము విద్వాంసులలో సైతము వినవచ్చుచుండును. పత్రికల చరిత్ర దీనికి విరుద్ధముగా నున్నది. శాస్త్రపత్రికలలో నత్యంతప్రాచీనములలో నొకటియైన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ను లండనునందలి రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గు 1665 మార్చి 6వ తేదీన ప్రారంభించెను. నాఁడు పత్రిక సొసైటీది కాదు. లాభనష్టములు రెండును ఆయనవే. తన జీవికకు దాని యాదాయము తోడ్పడునని యాయన తలఁచెను. ఆ సంవత్సరమే ప్లేగు వచ్చెను. మఱుసటి సంవత్సరము లండను నగరము దగ్ధమై పుస్తకవర్తకము నేలఁ గూలెను. తరువాతఁ గూడ ఏఁటికి నలువది పౌండ్లకు మించి తనకు రాలేదనియు, అది యింటియద్దెకుఁ గొంచెము మిగులునంతటి సొమ్మే యనియు నాయన స్వయముగాఁ జెప్పుకొనెను. 1752లో సొసైటీ యాపత్రిక భారమును దానే వహించెను. సభ్యులకు ప్రతులు వెల లేక యిచ్చుచు, ఐరోపాలోని యితర విద్వత్సభలకుఁ గానుకగాఁ గొన్నియు, వారి పత్రికలకు మాఱుగాఁ గొన్నియుఁ బంపుచు, అమ్మకమువలన వచ్చినది వ్యయమునకుఁ జాలకుండఁగాఁ దక్కినదానిని సభ్యుల చందాలనుండి పూరించుచు వచ్చెను. 1895 మొదలు బ్రిటిషు ప్రభుత్వము శాస్త్రప్రచురణమునకై సంవత్సరమునకు వేయి పౌండ్లు సహాయ మొసఁగెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటఁ గాని యా సొసైటీ పత్రికలు నిలుకడగా లాభము చూడలేదు. విద్యాప్రకటనమునకు నష్టము సహజమనియు, నానష్టమును విద్వత్సభ యొకటి గౌరవముగా భరించుట ధర్మమనియు సుమా రిన్నూఱేండ్లు తలఁపఁబడెనన్నమాట.

శాస్త్రపత్రిక లాభము దెచ్చు సరకని లోకమునకుఁ జూపినవారు యుద్ధానంతరపు ప్రచురణకర్తలు. 1951లో రాబర్టు మాక్స్‌వెల్ చేపట్టి పెర్గమన్ ప్రెస్సని పేరుపెట్టిన సంస్థ వారిలో ముఖ్యము. ప్రభుత్వములు శాస్త్రపరిశోధనమునకు ధనము విరివిగా నిచ్చుచుండెను. క్రొత్త విశ్వవిద్యాలయములు వెలయుచుండెను. గ్రంథాలయములు వచ్చిన పత్రికనెల్లఁ గొనుచుండెను. ఈ వ్యాపారమునం దొక విశేషము గలదు. బియ్యపువర్తకుఁడు ధర పెంచినచో వేఱొక యంగడికిఁ బోవచ్చును. ఒక పత్రికలోఁ బ్రకటింపఁబడిన వ్యాసము మఱియొక పత్రికలో దొరకదు. కాఁబట్టి వెల పెంచినను గ్రంథాలయము కొనక తప్పదు. వ్యాసము వ్రాసినవాఁడు వేతనము గొనకయే వ్రాయును. దానిని పరీక్షించినవాఁడు వేతనము గొనకయే పరీక్షించును. వారి విద్యాలయము మాత్రము దానిని వెలయిచ్చి కొనవలయును. ఈ విపరీతమునకుఁ బ్రతిక్రియగానే వివృతపత్రికలు పుట్టినవి.

కాగితము పోయినది, అచ్చు పోయినది, తపాలా పోయినది, ఇంక వ్యయమేమి యని యడుగువారు కలరు. ప్రతుల సంఖ్యతోఁ బెరుఁగు వ్యయము పోయిన మాట నిజమే. వేయిమంది చదివినను లక్షమంది చదివినను అంతర్జాలమున భేదము స్వల్పము. పోనిది ప్రథమప్రతివ్యయము, అనఁగా నొక్కప్రతియైనను సిద్ధమగుటకు ముందు కావలసిన వ్యయము. పరీక్షకులను వెదకి, జాబులు వ్రాసి, ఆలసించినవారికి జ్ఞాపకము చేసి, వచ్చిన యభిప్రాయములను వరుసగా భద్రపఱచుట కొక మనుష్యుఁడు కావలయును. భాషాదోషములు దిద్దవలయును. సమీకరణములు, పటములు, పట్టికలు సరిచూడవలయును. వ్యాసమును కంటితోఁ జదువు రూపముననే కాక కంప్యూటరు గ్రహింపఁదగిన రూపమునను గూర్పవలయును. లేకున్న వ్యాససూచికలు దానిని గుఱుతింపవు. ప్రతివ్యాసమునకును డి.ఓ.ఐ. యను శాశ్వతసంఖ్య పుచ్చుకొనవలయును. క్రాస్‌రెఫ్ అను సంస్థ దీనికిఁ గ్రొత్తవ్యాసమునకు డాలరు చొప్పున గైకొనును, సంవత్సరసభ్యత్వశుల్కము వేఱు. పరుల వ్రాతను దమదిగాఁ బంపినవారిని, లేని ఫలితములను గల్పించినవారిని గనిపెట్టు పని యిటీవల మిక్కిలి పెరిఁగినది. మఱియు నిరాకరింపఁబడిన వ్యాసమునకును బరీక్షావ్యయము తప్పదు. పది వచ్చిన రెండే స్వీకరించు పత్రికలో ఆ రెండును దక్కిన యెనిమిదింటి భారమును మోయవలసియుండును. శ్రేష్ఠతకుఁ బేరుపడిన పత్రికకు వ్యాసమొక్కింటికి వ్యయ మెక్కు వగుటకుఁ గారణ మిదియే. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలయును, ముందు మరల వచ్చును.

ఒక యూహాపత్రికను దీసికొని లెక్క వేసిచూతము. ఇవి దృష్టాంతమునకై నేను గల్పించిన యంకెలు గాని యే పత్రిక లెక్కలును గావు. సంవత్సరమునకు నలువది వ్యాసములు ప్రకటించు పత్రిక. సంపాదకులు వేతనము గొనరు. ఒక కార్యాలయసహాయకునికి నెలకు 30,000 రూపాయల చొప్పున 3,60,000. వ్యాసములను దిద్ది కూర్చుటకు ఒక్కింటికి 4,000 చొప్పున 1,60,000. అంతర్జాలస్థానము, నకళ్ల భద్రత, శాశ్వతసంఖ్యలు వీనికి 60,000. లెక్కల తనిఖీ, చిల్లర 20,000. మొత్త మాఱులక్షలు, వ్యాసమొక్కింటికిఁ బదునైదువేలు. దీనిని శాశ్వతనిధిచే నడపవలయునన్న, నూటికి ఆఱు వడ్డీ వచ్చుచో, కోటిరూపాయల మూలధనము కావలయును. అదియుఁ జాలదు. సంవత్సరమునకు నూటి కైదు చొప్పున వ్యయము పెరిఁగిన, పదునాలుగేండ్లకు ఆఱులక్షలు పండ్రెండులక్షలగును. వడ్డీ మాత్రము ఆఱులక్షలే. కోటి రూపాయలిచ్చిన దాత తన ధర్మము శాశ్వతమని తలఁచుచుండఁగా పత్రిక పదునాలుగవయేఁటనే సగ మాకలితో నుండును. ఇఁక మూఁడేండ్లకు మాత్రము ధనము సంపాదించి ప్రారంభించిన పత్రికల మాట చెప్పనేల?

పెద్దదాతల యండతోఁ బుట్టిన పత్రికలలోఁ బ్రసిద్ధములు రెండు. మొదటిది అమెరికాలోని పబ్లిక్ లైబ్రరీ ఆఫ్ సైన్సు, సంగ్రహముగా ప్లాస్. 2002 డిసెంబరులో గోర్డన్, బెటీ మూర్ ధర్మనిధివారు దీనికిఁ దొంబదిలక్షల డాలర్లొసఁగిరి. 2003 అక్టోబరులో ‘ప్లాస్ బయాలజీ’ వెలువడినది. పాఠకుని యొద్దఁ గొనక వ్యాసకర్తయొద్ద 1,500 డాలర్లు ప్రచురణశుల్కముగాఁ బుచ్చుకొనుట నియమము. దానము తీరునప్పటికి శుల్కముతోఁ బత్రిక నిలుచునని తలంపు. నిలువలేదు. 2006లో శుల్కమును 2,500 డాలర్లకుఁ బెంచిరి. అయినను ఆ యుత్తమపత్రిక తన్నుఁ దాను బోషించుకొనలేకపోయెను. నిరాకరణమునకుఁ గూడ వ్యయము గలదని పైనఁ జెప్పియుంటిని గదా. ఆ సంవత్సరము డిసెంబరులో ‘ప్లాస్ వన్’ అను వేఱొక పత్రికను బ్రారంభించిరి. వ్యాసము గొప్పదియా కాదా యని విచారింపక, పద్ధతి సరియైనదియా కాదా యనునంతమాత్రమే పరీక్షించి యచ్చువేయుట దీని నియమము. శుల్కము 1,250 డాలర్లు. వ్యాసములు వెల్లువగా వచ్చెను. 2013లో నొక్కసంవత్సరముననే ముప్పదివేలకు మించి ప్రకటింపఁబడెను. దీని యాదాయముతోనే 2010 ప్రాంతమున సంస్థ యొడ్డుఁ జేరినది. అనఁగా ఏఱివేయు పత్రికను ఏఱని పత్రిక పోషించినది. ఇందుఁ దప్పేమియు లేదు. కాని స్థాపకులు మొదట ననుకొన్నది యిది కాదు.

రెండవది ‘ఈలైఫ్’. అమెరికాలోని హవర్డ్ హ్యూస్ వైద్యసంస్థ, ఇంగ్లండునందలి వెల్‌కం ట్రస్టు, జర్మనీలోని మాక్స్ ప్లాంకు సంఘము ఈ మూఁడును గలిసి 2012లో దీనిని వెలువరించినవి. ప్రథమసంపాదకుఁడు రాండీ షెక్‌మన్ మఱుసటి సంవత్సరమే నోబెల్ బహుమానము నందెను. పాఠకునికి వెల లేదు, వ్యాసకర్తకు శుల్కము లేదు. ఇంతకంటె నదృష్టవంతమైన పుట్టుక మఱియొక పత్రికకుఁ గలిగియుండదు. 2016లో దాతలు మరల రెండుకోట్ల యేఁబదిలక్షల పౌండ్లు వాగ్దానము చేసిరి. అయినను 2017 జనవరినుండి 2,500 డాలర్ల శుల్కము పెట్టక తప్పినది కాదు. 2023లో నీతిని మఱల మార్చి, పరీక్షకుఁ బంపిన వ్యాసమున కెల్లఁ దీర్పుతో నిమిత్తము లేక 2,000 డాలర్లు పుచ్చుకొనుచు, స్వీకార నిరాకరణములనే తొలగించిరి. నిరాకరించినవాని వ్యయమును స్వీకరించినవాని నెత్తిన వేయు నన్యాయమును దీర్చుటకు ఇదియొక యుపాయమని నా యభిప్రాయము. శాస్త్రజ్ఞులలో దీనిని మెచ్చనివారును బెక్కురు గలరు. మూఁడు మహాసంస్థలు పోషించిన పత్రికయే యైదేండ్లకు శుల్కముజోలికిఁ బోవలసివచ్చినప్పుడు చిన్నపత్రికలు దానమును మాత్రమే నమ్మియుండుట ప్రమాదకరము.

ఇఁక శుల్కమార్గము. దీనికొక గుణము గలదు: వ్యాసములు పెరిఁగినచో నాదాయమును దానితోడనే పెరుఁగును. దోషములు రెండు. ద్వారము పాఠకునివైపు తెఱచి వ్యాసకర్తవైపు మూయుట మొదటిది. 2,500 డాలర్లనఁగా మన రూపాయలలో రెండులక్షలకు మించును. భారతదేశమునఁ బరిశోధకవిద్యార్థికి జె.ఆర్.ఎఫ్. వేతనము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు. ఒక వ్యాసము ప్రకటించుటకు వాని యించుమించు ఆఱునెలల జీవనము కావలయును. పేదదేశములవారికి శుల్కము మన్నింతుమని పత్రికలు చెప్పును. ప్లాస్ మొదలగునవి మన్నించినవి కూడ. కాని యాయా జాబితాలలో భారతదేశము పేదదేశముగాఁ దఱచుగాఁ జేరదు. మన్నింపుమని యొక్కొక్క వ్యాసమునకు విన్నపము వ్రాసికొనవలయును. విద్వాంసునకిది గౌరవముగాఁ దోఁపదు. రెండవ దోషము మఱింత ఘోరము. వ్యాసము స్వీకరించిననే డబ్బు వచ్చునప్పుడు, నిరాకరించుట పత్రికకు నష్టము. నీతిమంతుఁడైన సంపాదకుఁడు దీనికి లొంగఁడు. నీతి లేనివానికిఁ బరీక్షయే యక్కఱలేదు. ఈ సందర్భమున మనప్రాంతపు సంగతి యొకటి చెప్పక తప్పదు. హైదరాబాదు కేంద్రముగా వందలకొలఁది పత్రికలు నడపిన ఓమిక్స్ అను సంస్థపై అమెరికా సమాఖ్యవాణిజ్యసంఘము 2016లో దావా వేసినది. సరియైన పరీక్ష చేయకయే చేసినట్లు చెప్పుటయు, శుల్కమును ముందు తెలుపకుండుటయు నందలి ముఖ్యారోపణములు. 2019లో నెవాడా న్యాయస్థానము ఐదుకోట్ల డాలర్లకు మించిన మొత్తము చెల్లింపుమని తీర్పుచెప్పినది. దీనివలన నపకీర్తి యొక్క సంస్థతోఁ బోలేదు. ఈ దేశమునుండి వెలువడు నిజమైన క్రొత్తపత్రికలుగూడ విదేశపండితుల సంశయదృష్టికి లోనగుచున్నవి. శుల్కము పెట్టఁదలఁచు భారతీయపత్రిక ప్రథమసంపుటముననే తన పరీక్షాపద్ధతిని, శుల్కమును, సంపాదకుల నివాసములను విస్పష్టముగా నచ్చువేయుట మంచిది.

శుల్కము లేక, పెద్దదాత లేక జీవించు పత్రికలు లేవా యన్న, కలవు. యంత్రాధ్యయనశాస్త్రమున ‘మెషీన్ లెర్నింగ్’ అను చందాపత్రిక యుండఁగా, అందు సంపాదకవర్గమునఁ జేరిన నలువదిమంది 2001లో రాజీనామా యిచ్చి, అంతకుముందు సంవత్సరమే వివృతముగాఁ బ్రారంభమైన ‘జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రిసెర్చి’ పక్షమున నిలిచిరి. పేరు పత్రికయొద్ద నుండిపోయినది. పేరునకుఁ గారణమైన పాండిత్యము లేచిపోయినది. క్రొత్తపత్రిక శీఘ్రకాలముననే యాశాస్త్రమునఁ బ్రధానస్థాన మాక్రమించెను. దీని రొక్కపువ్యయము వ్యాసమునకుఁ గొలఁది డాలర్లు మాత్రమే. గణితమున నిట్టిదే యొకటి గలదు. కేంబ్రిడ్జి గణితజ్ఞుఁడు టిమొతి గౌవర్సు 2016లో ‘డిస్క్రీట్ అనాలిసిస్’ను ప్రారంభించెను. వ్యాసములు ఆర్కైవ్ అను భాండారముననే యుండును. పత్రిక వానిని పరీక్షింపించి, తగినవానికిఁ దన ముద్ర వేసి, లంకెలను మాత్రము ప్రకటించును. వచ్చిన వ్యాసమొక్కింటికిఁ బది డాలర్లు పరీక్షానిర్వహణయంత్రమునకుఁ జెల్లించిరి. దానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు స్వల్పసహాయము చాలెను. మనదేశమున ఆర్. బాలసుబ్రహ్మణియన్, కె. రామచంద్ర గారలు 1978లో స్థాపించిన ‘హార్డీ-రామానుజన్ జర్నల్’ సంవత్సరమున కొక్కమాఱు, రామానుజుని జన్మదినమైన డిసెంబరు 22వ తేదీన వెలువడుచు వచ్చినది. అదియు నిప్పుడు ఫ్రాన్సునందలి ఎపిసైన్సెస్ అను వేదికపై వివృతముగా నున్నది.

ఈ దృష్టాంతములను జూపి, పత్రికకు డబ్బే యక్కఱలేదనువారి వాదమును నేను సమ్మతింపను. ఆచార్యుఁడు రాత్రివేళలఁ గూర్చుండి చేయు పనికి విశ్వవిద్యాలయము వేతన మిచ్చుచున్నది, కంప్యూటరు విద్యాలయముది, వ్యాసకర్తలు సమీకరణములు తామే కూర్చి పంపఁగలవారు. గణితజ్ఞులకును కంప్యూటరుపండితులకును సాధ్యమైనది వైద్యపత్రికకు సాధ్యము కాకపోవచ్చును. తెలుఁగుశాసనములను బ్రకటించు పత్రికకును గాదు; ఆ లిపిని, ఛాయాచిత్రములను గూర్చుట కొకఁడు కూర్చుండవలయును. వ్యయము తగ్గినదా, కంటికిఁ గనఁబడని చోటికిఁ బోయినదా యని విచారింపవలయును. కనఁబడని చోటికిఁ బోయినచో, ఆచోటనున్న మనుష్యుఁడు పదవీవిరమణ మొందినదినముననే పత్రిక యాగిపోవును. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ‘ఆంధ్రవిజ్ఞానసర్వస్వము’ మూఁడు సంపుటములతో నిలిచి, 1923లో నాయన మరణముతో నాగిపోయిన సంగతి యాంధ్రులెఱుఁగుదురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారివంటి సంపన్నుఁడు మరల పూనుకొనుటకు ఏండ్లు పట్టెను. ఏకపురుషాధీనమైన విద్యావ్యవసాయమునకు ధనాభావముకంటె నుత్తరాధికార్యభావము పెద్దగండము.

పలువురు కొంచెము కొంచెముగా భరించు పద్ధతి నాకుఁ దక్కినవానికంటె నమ్మఁదగినదిగాఁ దోఁచుచున్నది. దీనికిని చిక్కు లేకపోలేదు. ఊరిచెఱువు నీరు అందఱి పొలములకును బాఱును. పూడిక తీయుటకు రమ్మన్నప్పుడు మాత్రము కొందఱే పాఱ పట్టుకొని వత్తురు. వివృతపత్రికయు నట్టిదే. చందా చెల్లింపనివాఁడును జదువఁగలఁడు గనుక, చెల్లింపనేల యని గ్రంథాలయాధికారి యనుకొనుట సహజము. 1991లో పాల్ గిన్స్‌పార్గు స్థాపించిన ఆర్కైవ్, కార్నెల్ విశ్వవిద్యాలయమునకుఁ జేరిన తరువాత, 2010నుండి దానిని నెక్కువగా వాడుకొను సంస్థలను స్వచ్ఛందముగా సహాయము చేయుఁడని యడిగినది. సైమన్సు ధర్మనిధియు తోడ్పడుటచే నిలిచినది. ఆమ్‌స్టర్‌డామునుండి 2016లో ఝాఁ-సెబాస్తియాఁ కో ప్రారంభించిన ‘సైపోస్ట్’ భౌతికశాస్త్రపత్రికలు పాఠకునియొద్దను వ్యాసకర్తయొద్దను గూడ నేమియుఁ గొనవు. ఏయే సంస్థలవారి వ్యాసములు ప్రకటించుటకు నెంత వ్యయమైనదో, ఆ సంస్థలలో నెవ రెంత యిచ్చిరో, యెవరేమియు నీయలేదో యంతర్జాలమున బహిరంగముగాఁ జూపుదురు. పూడికకు రానివాని పేరు చావడిగోడపై వ్రాసినట్లు! సిగ్గుచేఁ గొంద ఱిచ్చిరి, సిగ్గుపడనివారును గలరు.

ఈ చిక్కునకు యుక్తిగా సమాధానము చెప్పినది యాన్యువల్ రివ్యూస్ సంస్థ. 2020నుండి వారు కొన్ని పత్రికల కొక నియమము పెట్టిరి. పూర్వపు చందాదారు లందఱును యథాపూర్వముగాఁ జందా నిలిపినచో నాసంవత్సరపు సంపుటము లోకమునకంతయు వివృతమగును. చాలినంతమంది నిలుపనిచో నా సంపుటము చందాదారులకే తెఱవఁబడును. గ్రంథాలయాధికారికి దానము చేయుచున్నా నన్న చింత లేదు, చందాపద్దుక్రిందనే వ్రాసికొనును. మానుకొన్నచోఁ దన పాఠకులే నష్టపోవుదురన్న భయము గలదు. 2023నాఁటికి వారి పత్రికలన్నియు నీ మార్గమునకు వచ్చినవి. ఐరోపాలోని సెర్న్ సంస్థ ప్రోత్సాహమున 2014 జనవరిలోఁ బ్రారంభమైన స్కోప్-3 సంఘము, పరమాణుకణశాస్త్రమున అప్పటివఱకు పలుదేశముల గ్రంథాలయములు చందాలకై చెల్లించిన సొమ్మునే కూడఁబెట్టి, ఆ పత్రికలను వివృతములు గావించినది. అయితే యీ రెండును ముందే చందాదారులున్న పత్రికలకుఁ దగినవి. చందాదారులే లేని క్రొత్తపత్రిక కివి యెట్లు పనికివచ్చును? ఇరువదియో ముప్పదియో విద్యాలయములను ముందుగా నొప్పించి, తలకు ముప్పదివేల రూపాయల చొప్పున వ్రాఁతమూలకముగా వాగ్దానము గొని, పిదప మొదటి సంచిక ప్రకటించుట యుచితము. పైనఁ జెప్పిన యూహాపత్రిక కిరువదివిద్యాలయములు చాలును. నాలుగు మానుకొన్నను బత్రిక చావదు. ఒక్క దాత మానుకొన్నఁ జచ్చును.

రాజ్యము భరించు మార్గముగూడఁ గలదు. బ్రెజిలునందు 1997లో సావోపౌలో పరిశోధనసహాయనిధివారి ధనముతో నారంభమైన సైయెలో, దేశీయపత్రికల కన్నింటికి నొక్క వేదిక కల్పించి, స్వదేశభాషలో వ్రాసిన వ్యాసములకును గౌరవము దెచ్చినది. మనదేశమున సి.వి. రామన్ గారు 1934లో బెంగుళూరున స్థాపించిన భారతీయవిజ్ఞానపరిషత్తు, ప్రభుత్వసహాయముతో వ్యాసకర్తయొద్ద శుల్కము గొనకయే తన పత్రికలను నడపుచు, 1990ల చివరిభాగమునుండి యంతర్జాలమున నుచితముగా నుంచుచు వచ్చినది. వివృతమను పేరు పుట్టకముందే యీ పని జరిగినదని మనవారు సైతము మఱచుచుందురు. అటులుండ, 2024 నవంబరులో భారతప్రభుత్వము ‘ఒక దేశము - ఒక చందా’ యను పథకము నంగీకరించినది: ముప్పదిమంది ప్రచురణకర్తల సుమారు పదుమూఁడువేల పత్రికలను ప్రభుత్వవిద్యాలయములవా రెల్ల చదువుకొనుటకు మూఁడు సంవత్సరములకు ఆఱువేలకోట్ల రూపాయలు. దూరపుపల్లెలందలి కళాశాలల విద్యార్థులకుఁ బత్రికలందుట నిస్సందేహముగా మేలు. నా మనవి యొకటి. సంవత్సరమునకు రెండువేలకోట్లలో నూఱవవంతు, అనఁగా నిరువదికోట్లు స్వదేశపు వివృతపత్రికలకై వేఱుపఱచిన, ఆఱులక్షల చొప్పున మూఁడువందలకుఁ బైఁబడిన పత్రికలు నడచును. చందాసొమ్ము చెల్లినంతకాలమే పరుల పత్రిక మనయింట నుండును. రాజపోషణమున మంత్రి మాఱినప్పుడు బుద్ధి మాఱుననుట నిజమే. అందుచే దానిని విద్యాలయసంఘముల చందాకుఁ దోడుగాఁ గొనవలయునే గాని బదులుగాఁ గాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను గొన్ని పత్రికలు చచ్చును. చచ్చిన చందాపత్రిక సంపుటములు గ్రంథాలయముల బీరువాలలో నుండును. దుమ్ము దులిపి చదువవచ్చును. చచ్చిన వివృతపత్రిక యంతర్జాలస్థానమునకు అద్దె చెల్లింపనినాఁడు వ్యాసములతోఁగూడ మాయమగును. 2000 మొదలు 2019 వఱకు నిట్లు 174 వివృతపత్రికలు జాడ లేకుండఁబోయినవని 2021లోఁ బ్రకటింపఁబడిన పరిశీలనమునఁ దేలినది. వానిలోఁ బెక్కింటిని విద్వత్సభలును విద్యాలయములును నడపినవే. అందు వ్రాసినవారి శ్రమ, పరీక్షించినవారి శ్రమ, అన్నియు నష్టము. దీనికి మందు కష్టమైనది కాదు, మిక్కిలి వ్యయమైనదియుఁ గాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ బుట్టిన లాక్స్ పద్ధతిలో పలుగ్రంథాలయములు తలకొక నకలు దాఁచి, వానిని దమలోఁ దాము పోల్చి చూచుకొనుచుండును. ఒకచోటఁ జెడినది మఱియొకచోటినుండి బాగుపడును. కెనడాలోఁ బుట్టిన ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అను నుచితయంత్రముతో నడచు పత్రికలు ఈ విధమైన సంరక్షణసంఘమున వెల లేకయే చేరవచ్చును. పత్రికాసంఘపు నిబంధనలలో, సంపాదకుఁ డెట్లు నియమింపఁబడునను ప్రకరణమునకుఁ బ్రక్కనే, పత్రిక యాగిపోయిన యెడల వ్యాసములు ఏ గ్రంథాలయమునకుఁ జెందును, వాని శాశ్వతసంఖ్యలను ఎవరు నిలిపియుంచవలయును, మిగిలిన నిధి దేనికి వినియోగింపఁబడవలయును అను మూఁడును వ్రాసి, ఆ గ్రంథాలయాధికారి చేవ్రాలు ప్రథమసంచిక వెలువడక మునుపే గైకొనవలయును.